గుర్తింపా, పంపిణీయా? పోడుభూములు – అటవీ హక్కుల చట్టం అమలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు ప్రాంతాలలోని ఏజెన్సీ మండలాలలో పోడుభూముల వివాదానికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం ఈ వివాదాన్ని కొత్త దృష్టితో చూసింది. అడవిబిడ్డలకు హక్కులు కొత్తగా ఇవ్వనవసరం లేదని, ఉన్న హక్కులను గుర్తిస్తే చాలునని ఆ చట్టం భావించింది. ఆచరణలో మాత్రం ఈ గుర్తింపు ‘పట్టాల పంపిణీ’గా మారింది. ఈ మార్పువల్ల హక్కుదారులకూ, అడవికీ కలిగిన నష్టాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పోడు, రిజర్వు అడవి, అటవీ హక్కులు, గ్రామసభ, సామూహిక అటవీ వనరులు, వన సంరక్షణ సమితి.

1. ప్రవేశిక

‘పోడు’ అనే మాట నేడు రెండు అర్థాలలో వాడుకలో ఉంది. కొండవాలులో చెట్టూ చేమా నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తనం చల్లి, కొన్నేళ్లకు ఆ చోటు వదిలి మరొక చోటికి మారే సాగు మొదటి అర్థం. గోదావరి కొండలలో కొండరెడ్లు అనాదిగా చేసిన సాగు ఇదే. రెవెన్యూ రికార్డులలో అటవీభూమిగా నమోదై ఉన్నా, ఏటా నాగలి కట్టి దున్నే స్థిరమైన సాగుభూమి రెండవ అర్థం. తెలంగాణలో నేడు పోడు సమస్య అన్నప్పుడు ఎక్కువగా ఈ రెండవ అర్థమే ఉద్దేశం. ఈ భేదాన్ని గమనించకపోతే, పోడు అంటేనే అడవిని నరకడమనే భావన స్థిరపడిపోతుంది. అప్పుడు తరతరాలుగా దున్నుతున్న చేనుకూ, నిన్న నరికిన చోటుకూ ఒకే పేరు వస్తుంది.

2. రిజర్వు అడవి ఏర్పడిన విధానం

కోస్తా, రాయలసీమ జిల్లాలలో 1882 నాటి మద్రాసు అటవీ చట్టమూ, నిజాం రాజ్యంలో 1355 ఫసలీ నాటి హైదరాబాదు అటవీ చట్టమూ అమలులో ఉండేవి. ఈ రెండింటి స్థానంలో 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఒక ప్రాంతాన్ని రిజర్వు అడవిగా మార్చడం రెండు దశలలో జరుగుతుంది. 4వ సెక్షన్ కింద ప్రభుత్వం తన ఉద్దేశాన్ని ముందుగా ప్రకటిస్తుంది. అటవీ సెటిల్మెంట్ అధికారి ఆ భూమిపై ఎవరికైనా హక్కులుంటే విచారిస్తాడు. విచారణ ముగిసిన తరువాత 15వ సెక్షన్ కింద తుది ప్రకటన వెలువడుతుంది.

పైకి చూస్తే ఈ విధానంలో న్యాయం లోపించినట్లు కనబడదు. అభ్యంతరం చెప్పడానికి గడువుంది, విచారించడానికి అధికారి ఉన్నాడు. కాని గడువులోగా చెప్పుకోని హక్కు రద్దయినట్లే చట్టం భావిస్తుంది. గెజిటు చదవలేని, కాగితంతో పరిచయం లేని, హక్కును నోటిమాటగా మాత్రమే పాటించే సమాజానికి ఈ నియమం శాపమైంది. ఊరు ఊరుగానే ఉన్నా, కాగితంపై అది అడవిగా మారింది. తన చేనులోనే రైతు ఆక్రమణదారుడయ్యాడు.

ఈ అసంతృప్తి తిరుగుబాటుగా మారిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన సాగిన మన్యం పోరాటం వెనుక ఉన్న కారణాలలో పోడుపై ఆంక్షలు, రోడ్ల పనులలో వెట్టిచాకిరి ప్రధానమైనవి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగిన తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులను అధ్యయనం చేసే బాధ్యతను మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌కు అప్పగించింది. భూమి సమస్యను పరిష్కరించకుండా ఆదిలాబాదు అడవులలో శాంతి నెలకొనదని ఆ ప్రభుత్వం కూడా గ్రహించవలసి వచ్చింది.

3. సంరక్షణ చట్టాలు – తొలగింపులు

1980లో వచ్చిన అటవీ సంరక్షణ చట్టం అటవీభూమిని అటవీయేతర అవసరాలకు మళ్లించాలంటే కేంద్రప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ‘అడవి’ అనే పదానికి నిఘంటువు అర్థాన్నే తీసుకోవాలని ఆదేశించి, ఈ చట్టం పరిధిని విస్తరించింది. విచక్షణ లేకుండా సాగుతున్న నరికివేతను ఇవి అరికట్టాయనడంలో సందేహం లేదు. అయితే పాత సాగును క్రమబద్ధం చేసే అధికారం రాష్ట్రాల చేతినుంచి జారిపోయింది. 2002 మే నెలలో అటవీ ఆక్రమణలను తొలగించాలని కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వశాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ తరువాత దేశమంతటా జరిగిన తొలగింపులు ఒక విశాల ఉద్యమానికి దారితీశాయి. 2006 చట్టం ఆ ఉద్యమ ఫలితమే.

4. ‘గుర్తింపు’ అనే భావన

ఈ చట్టం తన పీఠికలోనే అటవీవాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని అంగీకరించింది. చట్టం పేరులోనే ‘గుర్తింపు’ అనే పదం ఉంది. హక్కు ముందే ఉంది. రాజ్యం చేయవలసింది దానిని నమోదు చేయడం. ఈ భావన నుంచే చట్టంలోని ముఖ్యమైన ఏర్పాట్లు పుట్టాయి.

మొదటిది, కాలపరిమితి. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే హక్కు లభిస్తుంది. షెడ్యూల్డు తెగలు కాని సాంప్రదాయిక అటవీవాసులు ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ నివసిస్తున్నట్లు నిరూపించుకోవాలి. రెండవది, విస్తీర్ణం. నిజంగా సాగులో ఉన్న మేరకే, 4 హెక్టార్లకు మించకుండా హక్కు ఉంటుంది. అది వారసత్వంగా సంక్రమిస్తుంది, భార్యాభర్తల ఉమ్మడి పేరున నమోదవుతుంది, కాని అమ్మడానికి వీలులేదు. జనవ్యవహారంలో దీనిని ‘పట్టా’ అన్నా, ఇది రెవెన్యూ పట్టా వంటిది కాదు.

మూడవది, గ్రామసభ పాత్ర. హక్కుల నిర్ధారణ ప్రక్రియను ప్రారంభించే అధికారం గ్రామసభదే. ఆ తరువాతనే డివిజను, జిల్లా స్థాయి కమిటీల పరిశీలన. ఊరిపెద్దల వాంగ్మూలాన్ని సైతం సాక్ష్యంగా నియమాలు అంగీకరిస్తాయి. ఒకప్పుడు నోటిమాట చెల్లకపోవడంవల్ల జరిగిన నష్టాన్ని ఈ నియమం సరిదిద్దుతుంది. ఉపగ్రహ చిత్రాలు ఇతర సాక్ష్యాలకు తోడ్పడవచ్చునే గాని, వాటికి ప్రత్యామ్నాయం కాజాలవని 2012 సవరణ నియమాలు స్పష్టం చేశాయి. పరిశీలన పూర్తయ్యేవరకు ఎవరినీ భూమినుంచి తొలగించరాదని 4వ సెక్షన్ 5వ ఉపసెక్షన్ శాసిస్తుంది.

నాలుగవది, అన్నింటికంటె కీలకమైనది, సామూహిక హక్కు. ఊరు సాంప్రదాయికంగా కాపాడుకుంటున్న అడవిని సంరక్షించే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కును 3వ సెక్షన్ కల్పించింది. వెదురు, తునికాకు, ఇప్పపువ్వు వంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యాన్నీ గుర్తించింది. 5వ సెక్షన్ అడవిని, వన్యప్రాణులను కాపాడే అధికారాన్ని గ్రామసభకు అప్పగించింది.

5. పంపిణీగా మారిన గుర్తింపు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామూహిక హక్కుపత్రాలు చాలావరకు వన సంరక్షణ సమితుల పేరిట జారీ అయ్యాయి. ఈ సమితులు ఉమ్మడి అటవీ యాజమాన్య పథకం కింద, అటవీశాఖ ఆధ్వర్యంలో ఏర్పడినవి. చట్టం హక్కుదారుగా పేర్కొన్నది గ్రామసభను. శాఖ ఏర్పరచిన సమితికి ఇచ్చిన పత్రం ఒక చేతినుంచి తీసి మరొక చేతికి ఇచ్చినట్లే అయింది.

వ్యక్తిగత హక్కుల విషయంలో మరొక ధోరణి బలపడింది. తెలంగాణలో 2021 నవంబరులో మళ్లీ దరఖాస్తులు స్వీకరించారు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో ప్రారంభమైన కార్యక్రమంలో సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలపై పత్రాలు ఇస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఏళ్ల తరబడి కేసులకూ, దాడులకూ భయపడిన కుటుంబాలకు ఇది నిజమైన ఊరట. దానిని తక్కువ చేసి చూడరాదు. కాని హక్కు ప్రభుత్వానుగ్రహంగా కనబడినప్పుడు రెండు దుష్ఫలితాలు కలుగుతాయి.

ఒకటి, పత్రం రానివాడు ఆక్రమణదారుగా మిగిలిపోతాడు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తిరస్కృత దరఖాస్తుదారులను తొలగించాలని ఆదేశించింది. తిరస్కరణ సక్రమంగా జరిగిందా అనే ప్రశ్న తలెత్తడంతో అదే నెల 28న ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. రెండు, ఒకసారి పంచినవారు మళ్లీ పంచుతారనే ఆశ పుడుతుంది. 2005 నాటి గడువు చట్టంలో ఉన్నా, జనం మనసులో గడువు ‘వచ్చే పంపిణీ’కి మారుతుంది. ఆ ఆశ కొత్త నరికివేతకు ప్రేరణ అవుతుంది. ఆ ఘర్షణను ఎదుర్కొనవలసినవారు క్షేత్రస్థాయి అటవీ సిబ్బంది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చంద్రుగొండ మండలంలో ఒక అటవీ క్షేత్రాధికారి హత్యకు గురికావడం ఈ స్థితికి విషాద నిదర్శనం.

6. సామూహిక హక్కు చూపిన దారి

తెలంగాణకు సరిహద్దున ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో మెండా–లేఖా అనే గోండు గ్రామం 2009లో సామూహిక అటవీ హక్కును పొందింది. 2011లో తమ అడవిలోని వెదురును స్వయంగా అమ్ముకునే రవాణా అనుమతిపత్రాల అధికారాన్ని ఆ గ్రామసభ సాధించింది. ఆదాయం ఊరిదైనప్పుడు అడవిని కాపాడవలసిన అవసరమూ ఊరిదే అయింది. ఎంత నరకాలి, ఎప్పుడు నరకాలి అనేది గ్రామసభ నిర్ణయం. ఒక్కొక్క కుటుంబానికి ఇచ్చే హక్కుపత్రం చేనుకు గట్టు వేస్తుంది. సామూహిక హక్కు ఆ గట్టుకు ఆవల ఉన్న అడవికి యజమానిని చూపుతుంది.

అన్ని గ్రామాలలోనూ ఇంతటి ఐకమత్యం ఉంటుందని అనుకోలేము. కవ్వాల్, అమ్రాబాద్ వంటి పులుల అభయారణ్యాలలో వన్యప్రాణుల అవసరాలు వేరు. ఈ చిక్కులను చట్టం విస్మరించలేదు. కీలక వన్యప్రాణి ఆవాసాలను శాస్త్రీయంగా గుర్తించి, గ్రామసభ సమ్మతితో పునరావాసం కల్పించే విధానాన్ని 4వ సెక్షన్‌లోనే పొందుపరచింది.

7. ముగింపు

రిజర్వు అడవి ప్రకటనతో మొదలైన అన్యాయానికి మూలం భూమి కొరత కాదు. హక్కును కాగితం ఉన్నవాడికే పరిమితం చేసిన పద్ధతి. 2006 చట్టం ఆ పద్ధతిని తలక్రిందులు చేసి, ఊరి సాక్ష్యానికి విలువ కల్పించింది. గ్రామసభను పక్కన పెట్టి జరిగే పంపిణీ పాత పద్ధతినే కొత్త కాగితంతో కొనసాగిస్తుంది. తిరస్కరించిన దరఖాస్తులను కారణాలతో సహా గ్రామసభల ముందు ఉంచి పునఃపరిశీలించడం, వన సంరక్షణ సమితుల పేరిట ఉన్న సామూహిక పత్రాలను గ్రామసభలకు బదిలీ చేయడం, 2005 గడువును దాటిన నరికివేతను అరికట్టే బాధ్యతలో గ్రామసభను భాగస్వామిని చేయడం తక్షణ కర్తవ్యాలు. ఈ మూడింటికీ కొత్త చట్టం అవసరం లేదు. ఉన్న చట్టంలోని ‘గుర్తింపు’ అనే మాటను దాని అసలు అర్థంలో చదివితే చాలు.