పిల్లల కోర్టు

నీతి పద్యాలు వల్లె వేయిస్తే పిల్లలు బుద్ధిమంతులవుతారని మనలో చాలామంది నమ్మకం. తెల్లవారి లేస్తే తన్నులూ తిట్లూ దొంగతనాలూ చూసే పసివాడికి ఆ పద్యం ఏం ఎక్కుతుంది?

పోలండు రాజధాని వార్సాలో క్రోఖ్మల్నా వీధి పూర్వం పేదరికానికీ దొంగలకూ పేరుపడ్డది. 1912లో ఆ వీధిలో యూదుల అనాథ బాలల గృహం వెలిసింది. దానిని నడిపినవాడు యానుష్ కోర్చాక్ అనే పిల్లల డాక్టరు. (1942లో నాజీలు ఆ బిడ్డలను చంపడానికి తీసుకుపోతూవుంటే, వాళ్ళను విడవక తానూ వెంటవెళ్ళి ప్రాణాలర్పించిన మహానుభావుడు ఈయనే.)

ఆయన ఉపన్యాసాలు దంచలేదు, కోర్టు పెట్టాడు! కొట్టినవాడిమీదా, తిట్టినవాడిమీదా ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. జడ్జీలు పిల్లలే. ఆ వారం తమమీద కేసు లేనివారిలోనుంచి అయిదుగురిని చీట్లువేసి తీసేవారు. ఇక శిక్షాస్మృతి చూస్తే మన వకీళ్ళు ముక్కుమీద వేలేసుకోవలసిందే. మొదటి 99 సెక్షన్లూ కేసు కొట్టివేయడానికో, క్షమించడానికో! గృహంనుంచి వెళ్ళగొట్టడమనేది కట్టకడపటి 1000వ సెక్షనులోగాని రాదు.

పెద్దలకు మాత్రం మినహాయింపు వుందా? లేదు. ఒక ఆరు నెలల్లో కోర్చాక్ తనమీద తానే అయిదు కేసులు పెట్టుకున్నాడు. ఒక కుర్రవాడిమీద చేయిచేసుకున్నందుకు ఒకటి. ఒక పిల్లను దొంగవని అనుమానించినందుకు మరొకటి. విచారణకు కూర్చున్నది ఆ పిల్లలే.