ఆగిన గుండెలోకి ఒక చూపు

మన వైద్యులు మణికట్టు పట్టి నాడి చూసేవారు. అమెరికా ఆసుపత్రులలోని అత్యవసర విభాగాలలో, గుండె ఆగిన రోగికి మెడప్రక్కన వేళ్ళుంచి నాడి వెదుకుతారు. ఆ తొందరలో అనుభవజ్ఞుల వేళ్ళు సైతం పొరబడుతుంటాయి. ఒక్కొక్కప్పుడు ఇ.సి.జి. తెరమీద విద్యుత్ తరంగం కదలాడుతూనే ఉంటుంది, నాడి మాత్రం అందదు. గుండె పూర్తిగా నిశ్చలమైనదా, లేక బలహీనంగానైనా ముడుచుకుంటున్నదా? ఈ సందేహాన్ని తీర్చగలిగినది అల్ట్రాసౌండ్.

రొమ్ము ఎముక దిగువన పరికరాన్ని ఆనిస్తే గుండె గదులు తెరపై కనిపిస్తాయి. గుండె చుట్టూ ఉన్న సంచిలో రక్తం చేరి దానిని అదుముతున్నదని తేలితే, సూదితో తోడివేయవచ్చు. అటువంటి రోగికి ఆ చూపే ప్రాణదానం. కుడి జఠరిక ఉబ్బి ఉంటే ఊపిరితిత్తులలో రక్తపు గడ్డ అడ్డుపడినదని అనుమానిస్తారు. కాని ఇతర కారణాలతో గుండె ఆగినా అది ఉబ్బవచ్చు గనుక తొందరపడరాదు.

బొమ్మ స్పష్టంగా కనిపించాలంటే ఛాతీని నొక్కుతున్న చేతులు ఆగాలి. చిక్కంతా ఇక్కడే. చేతులు ఆగితే మెదడుకు రక్తం అందదు. అందుకే ఈ విరామం 10 సెకన్లు మించరాదని నియమం. ఛాతీని పైనుండి నొక్కి రక్తప్రసరణ సాగించవచ్చునని 1960లో ప్రకటించినవారు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్. అదే నగరానికి చెందిన మేరీలాండ్ విశ్వవిద్యాలయ వైద్యులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, అల్ట్రాసౌండ్ లేనప్పుడు సగటున 13 సెకన్లున్న విరామం, వాడినప్పుడు 21 సెకన్లకు పెరిగింది. పరిశీలించినది 23 మంది రోగులనే అయినా హెచ్చరిక చిన్నది కాదు. అప్పటినుండి జాగ్రత్తలు పెరిగాయి. ఛాతీ నొక్కుతుండగానే పరికరాన్ని తగిన చోట ఆనించి ఉంచుతారు. ఒకరు బిగ్గరగా సెకన్లు లెక్కిస్తారు. బొమ్మను రికార్డు చేసుకొని, నొక్కడం తిరిగి మొదలైన పిమ్మట పరిశీలిస్తారు. కొన్ని ఆసుపత్రులలో అన్నవాహికలోకి పంపే గొట్టపు పరికరంతో, నొక్కడం ఆపకుండానే గుండెను చూస్తున్నారు.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న మరొకటి ఉన్నది. తెరమీద గుండె కదలకపోతే ప్రయత్నం మానవచ్చునా? అమెరికా, కెనడాలలోని 20 ఆసుపత్రులలో, విద్యుత్ షాకుకు లొంగని లయ గల 793 మంది రోగులపై జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. గుండెలో కదలిక కనిపించినవారిలో 3.8 శాతం ప్రాణాలతో ఇంటికి వెళ్ళారు. కనిపించనివారిలో ఆ సంఖ్య 0.6 శాతం. అతిస్వల్పమే, కాని సున్న కాదు. రోగి బ్రతుకుతాడా లేదా అని తేల్చడానికి, ఛాతీ నొక్కే వేళ తీసిన ఈ బొమ్మను ఆధారం చేసుకోవద్దని 2020లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచించింది.