విషజలశుద్ధి – సూక్ష్మజీవులు: అపోహలు, వాస్తవములు

పరిశ్రమల నుండి వెలువడు వ్యర్థజలములందలి విషములను సూక్ష్మజీవుల చేత హరింపజేయు పద్ధతిని గూర్చి కొందఱు అకారణముగా భయపడుచుండగా, మఱికొందఱు దానికి లేని మహిమల నంటగట్టుచున్నారు. ఈ రెండును నదులకు చేటు తెచ్చునవే గనుక, సత్యమెంతయో విచారింపవలసి యున్నది.

అపోహ: సూక్ష్మజీవులన్నియు రోగకారకములే, నీటిలో వానిని పెంచుట అపాయకరము.

వాస్తవము: రోగములు గలిగించునవి వానిలో స్వల్పభాగము మాత్రమే. ఇంగ్లండునందలి మాంచెస్టరులో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ అను రసాయనజ్ఞులు, గాలి పంపిన మురుగునీటి అడుగున చేరు బురదను పారవేయక, జీవరాశితో నిండిన ఆ బురదనే మరల మరల వినియోగించినచో నీరు శీఘ్రముగా శుద్ధియగునని 1914లో వెల్లడించిరి. నేటి శుద్ధికేంద్రములలో పెక్కింటికి అదియే మూలము.

అపోహ: విషము సోకినంతనే చచ్చు జీవులు విషమును హరించుటెట్లు?

వాస్తవము: అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రమున, హోంస్టేక్ బంగారు గనిలో, ఖనిజము నుండి బంగారమును కరిగించి తీయుటకు వాడిన సయనైడు వ్యర్థజలమున మిగిలిపోవుచుండగా, 1984 నుండి, కొంతమేర నీట మునిగి తిరుగు చక్రములపై, ఆ విషమునకు క్రమక్రమముగా అలవాటుపడిన బాక్టీరియాను పొరలుగా పెంచి, వాని చేత సయనైడును అమ్మోనియాగాను, వేఱొక జాతి బాక్టీరియా చేత ఆ అమ్మోనియాను నైట్రేటుగాను మార్పించిరి. ఆ నీరు చేరు వైట్‌వుడ్ వాగులో ట్రౌట్ చేపలు మరల బ్రతుకజొచ్చెను.

అపోహ: ఎట్టి విషమునైనను అవి సమూలముగా మాయము చేయును.

వాస్తవము: ఫినాలు వంటి కర్బనపదార్థములను అవి బొగ్గుపులుసు వాయువుగాను నీరుగాను విడగొట్టగలవు గాని, లోహము మూలకము గనుక దానిని నశింపజేయు శక్తి ఏ జీవికిని లేదు. మిక్కిలి విషపూరితమైన ఆఱు సంయోజకతల క్రోమియమును, అంత హానికరము కానిదియు, నీట సులభముగా కరగనిదియు నగు మూడు సంయోజకతల రూపమునకు మార్చుటయే అవి చేయగలుగు మేలు. అట్లు వేఱుపడిన లోహపు బురదను భద్రపఱచు భారము మనుష్యులదే.

అపోహ: బాక్టీరియా పొడిని ఒకమారు చల్లిన చాలును.

వాస్తవము: తగినంత గాలి, నత్రజని, భాస్వరము, అనుకూలమైన ఉష్ణోగ్రత, ఆమ్లక్షారముల సమత లేనిదే అవి పనిచేయవు. హఠాత్తుగా వచ్చిపడు గాఢవిషప్రవాహము, వారముల తరబడి పెంచిన జీవరాశిని ఒక్కదినమున తుడిచివేయగలదు.

కావున విషమును పుట్టినచోటనే సాధ్యమైనంత తగ్గించి, మిగిలినదానినే ఈ జీవుల కప్పగించుటయు, శుద్ధియైన నీటిని పరీక్షించిన పిదపనే వాగున విడుచుటయు కర్మాగారాధిపతుల విధి. అది నెఱవేరుచున్నదో లేదో నిలదీసి అడుగుట ఆ వాగు నాశ్రయించి బ్రతుకు ప్రజల హక్కు.