దడదడ ఎక్కువ, మాట తక్కువ: ఇంట్లో సబ్‌వూఫర్ అమరిక



షోలాపూర్ తూర్పు పేటల్లో మన నేతవారి ఇళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒకే గోడకు అటొక కాపురం, ఇటొక కాపురం. కొన్ని ఇళ్లను ఆనుకునే మరమగ్గాల షెడ్డు. తెలంగాణ నుంచి తరాల కిందట వచ్చి, దుప్పట్లు, టవళ్లు నేస్తూ స్థిరపడిన ఈ వాడల్లోకి హోమ్ థియేటర్ కూడా వచ్చింది. దాని వెంటే ఒక ఫిర్యాదూ వచ్చింది: “దడదడ బాగానే వస్తోంది, మాటలే అర్థం కావడం లేదు” అని. కారణమేమిటో, ఎలా సరిచేసుకోవాలో ఇప్పుడు తెలుసుకుందాం.

సబ్‌వూఫర్ అనే ఆ పెద్ద పెట్టె పలికించేది డోలు మోత, ఉరుము వంటి మంద్రధ్వనులను. అవి ఇంచుమించు 20 నుంచి 120 హెర్ట్‌జ్ వరకు ఉంటాయి. మాటకు స్పష్టత నిచ్చే స, శ, త వంటి హల్లుల బలమంతా 2,000 హెర్ట్‌జ్ పైన ఉంటుంది. మరమగ్గాల షెడ్డులో మోత సాధారణంగా 90 డెసిబెల్స్ దాటుతుంది. ఏళ్ల తరబడి అందులో పనిచేసిన వారికి మొదట తగ్గేది 4,000 హెర్ట్‌జ్ దగ్గరి వినికిడి. అందుకే వారికి గొంతు వినబడుతుంది గాని పదం తెలియదు. ఇంట్లో వాళ్లు బేస్ పెంచుతారు. ఆ మంద్రధ్వని, మిగిలిన సన్నని హల్లులను కూడా కప్పేస్తుంది. కనుక మాట తెలియకపోతే ముందు బేస్ తగ్గించండి.

ఇక పెట్టె ఎక్కడ పెట్టాలి? మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి మోతను పెంచుతాయి. గదిలో ఒకచోట గుమగుమ, మరొకచోట ఏమీ ఉండదు. ఒక చిన్న ఉపాయముంది. పెట్టెను మీరు కూర్చునే చోట ఉంచి, బేస్ ఉన్న పాట పెట్టండి. గోడల వెంట మోకాళ్ల మీద కదులుతూ వినండి. ఎక్కడ మోత సమంగా, శుభ్రంగా వినిపిస్తే పెట్టెకు అదే చోటు.

క్రాస్ఓవర్ మీటను 80 హెర్ట్‌జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి. ఫేజ్ స్విచ్చును 0లో ఒకసారి, 180లో ఒకసారి ఉంచి వినండి. బేస్ నిండుగా వచ్చిందే సరైనది. చివరగా సౌండు సున్నా నుంచి నెమ్మదిగా పెంచండి. శబ్దం పెట్టెలోంచి వస్తోందని తెలిసిపోతే కొంచెం తగ్గించండి.

అసలు పలకకపోతే ప్లగ్గు, ఫ్యూజు, వైరు చూసి, ఆంప్లిఫయర్‌లో సబ్‌వూఫర్ ‘ఆన్’ అయి ఉందో లేదో గమనించండి. ‘గుయ్’ మని ఆగని హోరు వస్తుంటే ఆంప్లిఫయర్ నుంచి వచ్చే వైరును పెట్టె దగ్గర ఊడదీయండి. హోరు ఆగితే తప్పు ఆ వైరులోనో, ఎర్తింగ్‌లోనో ఉంది. ఆగకపోతే పెట్టెను మెకానిక్కుకు చూపించాలి. కేబుల్ టీవీ వైరు తీసి కూడా పరీక్షించండి. అన్నింటినీ ఒకే బోర్డుకు కలిపితే చాలాసార్లు హోరు పోతుంది. హోరు పోతుందని ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను మాత్రం ఎన్నడూ తీయకండి. అది ప్రాణాలు కాపాడే పిన్ను.

మన ఊళ్లో దుప్పట్లకు కొదవ లేదు. గోడకు నాలుగు కడితే మోత ఆగదా అనిపిస్తుంది. ఆగదు. 40 హెర్ట్‌జ్ ధ్వని తరంగం పొడవు సుమారు 28 అడుగులు. దుప్పటి సన్నని శబ్దాలనే పీలుస్తుంది, మంద్రధ్వని దాన్నీ గోడనూ దాటిపోతుంది. పెట్టె కింద మందపాటి రబ్బరు వేస్తే నేల అదరడం కొంత తగ్గుతుంది, అంతే. పక్కింటికి వెళ్లే మోతను తగ్గించేది మీ చేతిలోని మీట ఒక్కటే.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం, నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్. కాని రాత్రి పాళీ చేసి వచ్చిన మనిషికి పగలే రాత్రి. గోడకవతల ఆయన నిద్రపోయే వేళ ఏదో ఒకసారి అడిగి తెలుసుకోండి. ఆ వేళకు సబ్‌వూఫర్ కట్టేయండి. మీ సినిమాలో మాటలు అప్పుడూ వినిపిస్తూనే ఉంటాయి, బహుశా ఇంకా స్పష్టంగా.