ఫ్రీస్‌లాండు పత్రిక: కాగితమునుండి తెరకు

బందరు పట్టణమున వలందపాలెము అను పేట కలదు. 17వ శతాబ్ది తొలినాళ్లలో అచట వర్తకశాల నెలకొల్పిన హాలెండువారిని తెలుగువారు వలందులని వ్యవహరించిరి. ఆ పేరే పేటకు నిలిచినది. వారి ఓడలు బందరు రేవునకు వచ్చుచున్న ఆ కాలముననే, 1618లో, వారి ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఇటలీ, జర్మనీ దేశముల వార్తలను తెలుపు అచ్చుపత్రిక వెలువడసాగెను. అది మొదలు నాలుగు శతాబ్దములపాటు ఆ దేశమున వార్త కాగితము నాశ్రయించి బ్రదికినది. గడచిన ముప్పదియేండ్లలో ఆ కాగితము క్రమముగా కంప్యూటరు తెరకును, చేతిలోని ఫోనునకును చోటిచ్చుచున్నది. ఈ మార్పులో పత్రిక వెంట ఏది వచ్చును, ఏది వెనుక మిగిలిపోవును అను విషయమును అచటి ఒక ప్రాంతీయ పత్రిక చరిత్రవలన గ్రహింపవచ్చును. అల్పసంఖ్యాక భాష మాటాడువారి నడుమ నడచుచున్న పత్రిక యగుటచే, పరరాష్ట్రములందు తరతరములుగ స్థిరపడిన తెలుగువారికి దాని కథ ఉపయోగపడగలదు.

నెదర్లాండ్సు దేశమునకు ఉత్తరమున ఫ్రీస్‌లాండు అను మండలము కలదు. జనసంఖ్య సుమారు 6 లక్షల 50 వేలు. వారిలో ఇంచుమించు సగముమందికి మాతృభాష డచ్చి కాదు, ఫ్రీజియను. ఇది డచ్చికి మాండలికము గాక, ఇంగ్లీషునకు దగ్గర చుట్టమైన ప్రత్యేక భాష. మండలమునకు ముఖ్యపట్టణమైన లేవార్డెన్‌లో 1752 జూలై 29వ తేదీన అబ్రహాం ఫెర్వెర్దా అను ప్రచురణకర్త ‘లేవార్డర్ కురాంట్’ అను పత్రికను ప్రారంభించెను. కురాంట్ అనగా వార్తాపత్రిక. అదే పేరుతో నేటికిని వెలువడుచున్న డచ్చి పత్రికలలో ఇది మిక్కిలి ప్రాచీనము. ఇందలి రచనలలో అధికభాగము డచ్చిలోనే యుండును. ఫ్రీజియనుకు కొంత చోటు మాత్రము కలదు.

చిన్న భాషకు పత్రిక యెంత అండయో 1951లో ఆ దేశమంతయు చూచినది. న్యాయస్థానమున ఫ్రీజియను వినుటకు ఒక న్యాయాధిపతి నిరాకరింపగా, కవియు సంపాదకుడునైన ఫెడ్డె స్ఖూరర్ తన పత్రికలో ఆ వైఖరిని తీవ్రముగ ఖండించెను. ఆయనపై అభియోగము మోపబడినది. ఆ యేడు నవంబరు 16న లేవార్డెన్‌లో విచారణ జరుగుచుండగా, వెలుపల గుమిగూడిన జనులను పోలీసులు లాఠీలతో చెదరగొట్టిరి. ఫ్రీజియనులు నేటికిని ఆ దినమును ‘లాఠీల శుక్రవారము’ అని స్మరింతురు. 1956లో న్యాయస్థానములందు ఫ్రీజియను వాడుకకు చట్టము అవకాశమొసగెను. 1980లో ఆ మండలపు ప్రాథమిక పాఠశాలలందు ఫ్రీజియను తప్పనిసరి పాఠ్యవిషయ మయ్యెను.

ఇట్టి పత్రికలకు కాగితపు కాలమున ఆదాయమార్గములు రెండు: చందా, ప్రకటన. నెదర్లాండ్సులో పత్రికను అంగడిలో కొనువారికంటె చందా కట్టి ఇంటికి తెప్పించుకొనువారే ఎక్కువ. ఇల్లు అద్దెకిచ్చువారు, పాత సైకిలు అమ్మువారు, పనివారు కావలసినవారు చిన్న ప్రకటనలు వేయించెడివారు. ఊరి పురపాలక సభకు విలేకరిని పంపు ఖర్చులో కొంత ఆ ప్రకటనలే భరించెడివి. 1999లో మార్క్ట్‌ప్లాట్స్ అను అంతర్జాల విపణి వెలసి, పాత వస్తువుల క్రయవిక్రయములను తనవైపు లాగుకొనెను. 2004లో అమెరికావారి ఈబే సంస్థ దానిని కొనెను. పాత సైకిలు ప్రకటన పత్రికను విడిచిపోయినను, విలేకరి జీతము మాత్రము తగ్గలేదు. తెరపై వెలువడు పత్రికకు కాగితము, సిరా, పంపిణీ ఖర్చులు తప్పును. వార్త సేకరించి, నిజానిజములు విచారించి వ్రాయుటకగు ఖర్చు తప్పదు. ఈ మార్పులో అసలు చిక్కు ఇదియే.

దీనికి ప్రచురణకర్తలు వెదకిన మొదటి ఉపాయము ఏకమగుట. లేవార్డర్ కురాంట్ ప్రచురణకర్తలు పొరుగున గ్రోనింగెన్ నగరపు పత్రికవారితో కలసి ఎన్.డి.సి. అను సంస్థగా నేర్పడిరి. 2020లో ఆ సంస్థను బెల్జియమునందలి ఆంట్‌వెర్ప్ నగరము కేంద్రముగాగల మీడియాహౌస్ సంస్థ కొనెను. 2013లో ఏర్పడిన ఈ సంస్థ 2015లో ఎన్.ఆర్.సి. పత్రికను, 2017లో టెలెగ్రాఫ్ పత్రికను ప్రచురించు సంస్థను సంపాదించుకొనియుండెను. పలు పత్రికలకు కలిపి ఒక్కటే సాంకేతిక వ్యవస్థ నడిపిన ఖర్చు తగ్గును. కాని ఫ్రీస్‌లాండు పత్రికకు యజమాని నేడు ఫ్రీస్‌లాండున లేడు.

రెండవ ఉపాయము, తెరపై చదువువారినుండియు వెల రాబట్టుట. 2014లో బ్లెండిల్ అను డచ్చి సంస్థ ఒక్కొక్క వ్యాసమును కొన్ని సెంట్లకు విడిగా అమ్మజూచెను. ప్రపంచమంతట పేరు వచ్చినను లాభము రాలేదు. 2019లో ఆ పద్ధతిని మాని చందాపద్ధతికే మరలెను. చదువరి ప్రతి వ్యాసమునకు ముందు కొనవలయునా వలదా యని తర్కించుకొనుట కష్టము. పత్రికను నమ్మి నెలకొకమారు చెల్లించుట సులభము. లేవార్డర్ కురాంట్ కూడ తెరపై చందాదారులమీదనే ఆధారపడుచున్నది.

ఈ మార్పువలన కలిగిన గొప్ప లాభము పాతసంచికల రక్షణ. 1752 మొదలుగా గల సంచికలను ఛాయాచిత్రములుగ తీసి, యంత్రముచేత అక్షరములను గుర్తింపజేసి అంతర్జాలమున నుంచిరి. రైతు మనుమడు తన తాత పేరును వెదకి చూచుకొనవచ్చును. యంత్రము పొరబడుటయు కలదు: 18వ శతాబ్దిలో ‘స’కారమునకు వాడిన పొడవాటి అచ్చు, ‘ఫ’కారమును పోలియుండుటచే యంత్రము ఒకదానిని మరియొకటిగా చదువును. కావున వెదకువాడు పదమును రెండు విధములుగను వెదకవలయును.

నష్టము వచ్చు మార్గము వేరు. కాగితపు పత్రికలో ఏ వ్యాసమును ఎందరు చదివిరో ఎవరికిని తెలియదు. తెరపై ప్రతి చూపును లెక్కింపబడును. దేశమంతయు చదువు భాషలోని వార్తకు వచ్చు సంఖ్య ఒక మండలపు భాషలోని రచనకు రాదు. ఆ సంఖ్యయే కొలబద్ద యైనచో చిన్న భాష ఓడిపోవును. ఎవరును దానిని నిషేధింపనక్కరలేదు. చందాదారులు తమ భాషారచనలను చదివి, కోరి, లేనప్పుడు అడుగుచున్నంతకాలము మాత్రమే సంపాదకునకు వానిని నిలుపుటకు కారణముండును.

తెలుగునాటికి వెలుపలి తెలుగు సంఘములు తమ సంచికలను, పాఠశాల పత్రికలను తెరపైకి తెచ్చునపుడు ఈ రెండు సంగతులను మరువరాదు. ఛాయాచిత్రములు తీయుట ఆరంభము మాత్రమే. మన ఒత్తులను, గుణింతములను యంత్రము సరిగ చదివినదా యని తెలుగు వచ్చిన మనిషి కూర్చుండి సరిచూడవలయును. ఆ పని నేటి విద్యార్థులకు అప్పగింపదగినది. అట్లు భద్రపరచిన పత్రికకు ఏటేట చందా కట్టి చదువువారు గలిగిననే తరువాతి సంచిక వెలువడును.