అరచేతిలో ఇమిడే ప్రాచీన పత్రము

ఇంగ్లండు దేశమున మాంచెస్టరు నగరములో జాన్ రైలండ్స్ గ్రంథాలయము కలదు. అందు భద్రపరచబడిన ఒక పత్రఖండము ఎత్తు సుమారు 9 సెంటీమీటర్లు, వెడల్పు 6 సెంటీమీటర్లు. ఇరువైపుల ఏడేసి పంక్తుల గ్రీకు వ్రాత ఉన్నది. ఒక్క పంక్తియైనను పూర్తిగా మిగులలేదు. అయినను ఈ చిన్న తునకను గూర్చి పండితులు ఎనుబది ఏండ్లకు పైగా చర్చించుచున్నారు.

మనకు తాటియాకు ఎట్టిదో, పూర్వపు ఈజిప్టు వారికి పపైరసు అట్టిది. నైలు నది చిత్తడి నేలలలో పెరిగిన తుంగజాతి మొక్క కాడను పలుచని పేళ్లుగా చీల్చి, నిలువుగను అడ్డముగను పరచి, అదిమి ఆరబెట్టెడివారు. ఆ దేశపు పొడి ఇసుకలో అట్టి పత్రములు శతాబ్దములు నిలిచినవి. 1920లో బెర్నార్డ్ గ్రెన్‌ఫెల్ ఈజిప్టులో సేకరించిన వానిలో ఈ తునక ఒకటి. ఇది క్రైస్తవుల యోహాను సువార్త, 18వ అధ్యాయములోని భాగమని గుర్తించి, సి. హెచ్. రాబర్ట్స్ 1935లో ప్రకటించిరి.

గుర్తించిన విధము గమనింపదగినది. రెండు వైపులను ఒకే గ్రంథము సాగుటచే ఇది చుట్టలోనిది కాదు, పుటలు గల పుస్తకములోనిదని తేలినది. మిగిలిన అక్షరములను తెలిసిన పాఠముతో సరిపోల్చి, పంక్తి నిడివిని లెక్కకట్టి, పోయిన మాటలను పూరించిరి. రోమను అధికారి పిలాతు యేసును విచారించు ఘట్టమది. సత్యమేమని పిలాతు అడుగు ప్రశ్న వెనుక వైపున రావలెను. కాని సరిగా ఆ మాటలున్న చోటే పత్రము చినిగిపోయినది!

ఇక దీని వయస్సెంత? పత్రముపై సంవత్సరము లేదు. కాలము తెలిసిన ఇతర పత్రముల వ్రాతతో పోల్చి, ఇది క్రీస్తుశకము రెండవ శతాబ్దము పూర్వార్ధమునాటిదని రాబర్ట్స్ నిర్ణయించిరి. అందుచే క్రొత్త నిబంధన ప్రతులలో మిక్కిలి ప్రాచీనమైనదిగా దీనికి ఖ్యాతి వచ్చినది. కాని అక్షరముల పోకడ ఒక్కనాట మారునది కాదు. యౌవనమున నేర్చిన వ్రాతనే లేఖకుడు వార్ధక్యమందును వ్రాయును. కనుక వ్రాత ఒక్కటే ఆధారముగా అంత స్వల్పకాలమునకు పరిమితము చేయరాదనియు, రెండవ శతాబ్దము చివరి భాగమును, మూడవ శతాబ్దారంభమును కూడ పరిగణింపవలెననియు బ్రెంట్ నాంగ్‌బ్రి 2005లో వాదించిరి.

ఇందువలన ఆ పత్రము విలువ తగ్గదు. ఆధారము ఎంతవరకు పలుకునో అంతవరకే దానిచే పలికించుట చరిత్రకారుని ధర్మము. చరిత్ర పాఠము చెప్పు ఉపాధ్యాయులకును, చదువు విద్యార్థులకును ఈ చిన్న తునక నేర్పునది అదియే.