పందిరికీ పర్మిషన్ కావాలండోయ్!

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. పందిరి వేయడమంటే ఆ రెండూ కలిపి చేయడమే! రెండు రోజులకే అయినా అదీ ఒక ఇల్లే కదండీ. నాలుగు గుంజలు, పైన కప్పు, కింద రెండు మూడొందల మంది జనం. సొంతిల్లు కట్టాలంటే ప్లాను, పర్మిషన్ అంటూ నెలల తరబడి తిరుగుతాం. పందిరికి మాత్రం టెంట్ హౌస్‌కి ఒక్క ఫోన్ కొట్టి ఊరుకుంటాం. నేనూ అలాగే ఊరుకున్నాను.

మా ఆడపడుచు కూతురి నిశ్చితార్థం బోయిన్‌పల్లిలో మా ఇంట్లోనే చేశాం. ఇల్లు చిన్నది కనుక వీధికి అడ్డంగా షామియానా వేయించాం. "పోలీసులకి చెప్పక్కర్లేదా?" అంటే "ఒక్కపూట ముచ్చటకి పర్మిషనేమిటే!" అన్నారు మావారు. టెంట్ వాళ్లు ఒక తాడు తీసుకెళ్లి కరెంటు స్తంభానికే కట్టేశారు. పరదా పక్కనే వంట.

సరిగ్గా భోజనాల వేళకి చివరింటి బాబాయిగారికి గుండెనొప్పి వచ్చింది. అంబులెన్స్ వచ్చి మా షామియానా ముందు ఆగిపోయింది. బల్లలు ఎత్తి, తాళ్లు విప్పి దారిచ్చేసరికి పావుగంట పైనే పట్టింది. దేవుడి దయవల్ల ఆయన బతికి బయటపడ్డారు. కానీ ఆ రోజు పిన్నిగారు అన్న మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. "శుభకార్యం మీదే అమ్మాయీ, దారి అందరిదీ కదా!"

ఎవర్ని అడగాలి?

తర్వాత మా అబ్బాయి ఒడుగు వచ్చింది. ఈసారి నేనే కనుక్కున్నాను. ముందు తేల్చుకోవాల్సింది స్థలం ఎవరిదని. మా బోయిన్‌పల్లి సంగతే చూడండి. పాత బోయిన్‌పల్లి మునిసిపల్ కార్పొరేషన్ కింద, న్యూ బోయిన్‌పల్లి కంటోన్మెంట్ బోర్డు కింద. ఒకరి దగ్గరికి వెళ్లాల్సిన దరఖాస్తు ఇంకొకరికిస్తే తిరుగుడే మిగులుతుంది. వేరేవాళ్ల ఖాళీ స్థలమైతే యజమాని రాసిచ్చిన అంగీకారం ఉండాలి. రోడ్డు మీదకి వచ్చేలా ఉంటే పోలీస్ స్టేషన్లో అడగకుండా గుంజ పాతకండి.

దరఖాస్తులో తేదీ, వేళలు, ఎంతమంది వస్తారు, పందిరి కొలతలు, ఇంటి పెద్ద పేరు, ఫోన్ నంబరు రాయాలి. వారం పది రోజుల ముందే ఇస్తే మంచిది. కరెంటుకి తీగల మీద కొక్కేలు వేయకుండా విద్యుత్ శాఖనడిగి తాత్కాలిక కనెక్షన్ తీసుకోవాలి. మైకు పెడితే 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటాక ఆపేయాల్సిందే. ఎగ్జిబిషన్లలాంటి పెద్ద వాటికి అగ్నిమాపక శాఖ అనుమతి కూడా కావాలి.

ఇంత తతంగం దేనికి?

1995 డిసెంబరు 23న హర్యానాలోని మండి దబ్వాలిలో ఒక స్కూలు వార్షికోత్సవం జరుగుతోంది. సింథటిక్ గుడ్డ టెంటు అంటుకుంది. బయటికి దారి చాలక నాలుగొందల మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది పసిపిల్లలూ, వాళ్లని చూసి మురిసిపోదామని వచ్చిన తల్లులూ. 2004 జనవరి 23న శ్రీరంగంలో పెళ్లి జరుగుతుండగా మేడమీది ఆకుల పందిరికి నిప్పంటుకుంది. యాభై మందికి పైగా పోయారు, పెళ్లికొడుకుతో సహా. మన నాంపల్లి నుమాయిష్‌లో 2019 జనవరి 30 రాత్రి స్టాళ్లు వరసాగ్గా కాలి బూడిదయ్యాయి. ప్రాణనష్టం లేకపోవడం మన అదృష్టం. ఆ సంగతి హైకోర్టు దాకా వెళ్లింది.

పర్మిషన్ అంటే ఉత్త కాగితం కాదు. "దారేది? నిప్పు ఎక్కడ? తీగ ఎక్కడ?" అని ఎవరో ఒకరు ముందుగా అడగడమన్నమాట. ఆ అడిగేదేదో మనమే ఎందుకు అడగకూడదు?

టెంట్ వాళ్లకి ఇవి చెప్పండి

• కరెంటు తీగల కింద పందిరి వద్దు. స్తంభానికి తాడు కట్టొద్దు.

• పక్క గోడలకీ పందిరికీ మధ్య చుట్టూ ధారాళంగా ఖాళీ ఉండాలి. కప్పు ఎత్తు కూడా 3 మీటర్లకి తగ్గకూడదు.

• సింథటిక్ గుడ్డలు, నైలాన్ తాళ్లు వద్దు. నూలు గుడ్డ, జనపతాళ్లు మేలు.

• బయటికి కనీసం రెండు దారులు, ఎదురెదురుగా. వాటికి అడ్డంగా కుర్చీలు, కూలర్లు పెట్టొద్దు.

• గ్యాస్ పొయ్యిలు, వంట పందిరికి దూరంగా. పక్కనే నీళ్ల బకెట్లు, ఇసుక బకెట్లు.

• సీరియల్ బల్బుల వైర్లకి అతుకులుంటే తీయించేయండి. పరదాలకి తగిలేలా లైట్లు పెట్టనివ్వకండి.

అన్ని కొలతలకీ మా వీధి సరిపోలేదు. అందుకని ఒడుగు పందిరి దగ్గర్లోని ఖాళీ స్థలంలో, యజమాని నడిగి వేయించాం. "ఓ నాలుగడుగులు వేయడానికి బద్ధకమా!" అని చుట్టాలు మొదట సణిగినా, భోజనాల దగ్గర గాలీ వెలుతురూ చూసి మెచ్చుకున్నారు. వీధి మాత్రం ఖాళీగానే ఉంది. ఆ దారినే బాబాయిగారు కర్ర పట్టుకుని మెల్లగా నడిచొచ్చి మా వాడికి అక్షింతలు వేశారు. వెనకే వచ్చిన పిన్నిగారు వీధి వైపోసారి చూసి, నా వైపు చూసి నవ్వారు.

నాకదే పెద్ద పర్మిషన్ అనిపించింది. మీ ఇంట శుభకార్యం ఉంటే, శుభలేఖలు పంచడానికి ముందు పందిరి కాగితం సంగతి చూసుకోండి మరి!